ముందుగదిలో కొట్టు లేదు

బుధవారం ఉదయం తొమ్మిదింటికల్లా ఇంట్లో కుట్టుమిషను జాడ కూడా ఉండకూడదని దర్జీ నిశ్చయించుకున్నాడు. పదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇంటిని దేనికి వాడుతున్నారో తనిఖీ చేస్తాడని నోటీసు వచ్చింది. అది నివాస ప్రాంతం, వ్యాపారం చేయకూడదు. దర్జీ మాత్రం సొంతింటి ముందుగదిలో ఇరవై ఏళ్ళుగా కుడుతున్నాడు. ఎవరూ ఫిర్యాదు చేయకూడదని వీధి వీధంతటికీ చీర అంచులు ఊరికే కుట్టిపెడుతున్నాడు. ఇప్పుడా గదికి సీలు పడితే ఇంటిల్లిపాదీ నోట్లో మట్టే.

రెండో పేజీ కూడా చదవమంది భార్య. మొదటి పేజీకే బెదిరిపోయినవాడికి రెండోది తిప్పే ధైర్యం చాలలేదు.

మిషన్లు రెండూ పక్కింటి పిన్నిగారింటికి చేరాయి. బోర్డు మంచం కిందికి పోయింది. గుడ్డలు కత్తిరించే బల్ల మీద కంచాలు పరిచి, భోజనాల బల్ల అనిపించారు. గోడకున్న పదహారు చొక్కాలకు మాత్రం చోటు దొరకలేదు.

"ఇవెవరివి?" వస్తూనే అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"నావేనండి."

"ఒక్కోటి ఒక్కో కొలతలో ఉందే?"

"మధ్యలో చిక్కానండి. మళ్ళీ ఒళ్ళు చేశాను."

అంతలో బ్యాంకు గుమాస్తా తన ప్యాంటు కోసం వచ్చాడు. "రా అన్నయ్యా, కూర్చో," అంది దర్జీ భార్య కంగారుగా. పది రోజులుగా తిరుగుతున్న గుమాస్తా, ఇదేదో కొత్తరకం వాయిదా అనుకుని కూర్చున్నాడు. తర్వాత జాకెట్ల కోసం వచ్చినావిడ వదినయింది. అరగంటలో నలుగురు బంధువులు ఖాళీ కంచాల ముందు బిక్కమొహాలతో కూర్చున్నారు.

'నివాసం మాత్రమే. చుట్టాల తాకిడి ఎక్కువ,' అని రాసుకుని ఇన్‌స్పెక్టరు నిట్టూర్చాడు. "పాపం, మీకు కలిసిరాలేదు. ఈ వీధిని వాణిజ్య ప్రాంతం చేశారు. ముందునుంచీ కొట్టు నడిపేవాళ్ళకి వెంటనే అనుమతి. రెండో పేజీలో ఉందిగా? కొత్తగా పెట్టాలంటే మాత్రం నాలుగు కార్లకి చోటు చూపాలి."

దర్జీ ఇంట్లోకి సైకిలే అడ్డంగా వస్తుంది. అతను చేతులు జోడించాడు. "నాది కొట్టేనండీ."

"మిషన్లేవి?"

"పక్కింట్లో ఉన్నాయండి."

"అయితే కొట్టు పక్కింటివాళ్ళది."

మేమంతా ఇక్కడ బట్టలు కుట్టించుకునేవాళ్ళమేనని గుమాస్తా చెప్పబోయాడు. చుట్టాల సాక్ష్యం చెల్లదన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈ సాయంత్రంలోగా కొట్టు మీద ఎవరైనా ఫిర్యాదు ఇస్తే మళ్ళీ తనిఖీకి రావచ్చనీ, ఫిర్యాదుకి చుట్టాలైనా ఫరవాలేదనీ చెప్పి వెళ్ళిపోయాడు.

దర్జీ వీధిలో గడప గడపా ఎక్కాడు. ఒక్క ఫిర్యాదు రాసిపెట్టమని చేతులు పట్టుకుని బతిమాలాడు. "నీ మీదా? కళ్ళు పోతాయి నాయనా," అని పిన్నిగారు చెంపలేసుకుంది. ఇరవై ఏళ్ళు ఊరికే కుట్టిన అంచులు అంత గట్టిగా నిలిచాయి.

నాలుగున్నరకి ఇల్లు చేరి కూలబడ్డాడు. "కాగితం ఇలా ఇవ్వండి," అంది భార్య. ఫిర్యాదు మిషను చప్పుడుతో మొదలుపెట్టింది. అన్నంలో దారాలు, పక్కలో సూదులు, ఎవరి జాకెట్టయినా కుట్టి పెళ్ళాం జాకెట్టుకి మాత్రం తీరిక దొరకని మనిషి... రెండు పేజీలు నిండాయి.

"చాలు, ఆఫీసు మూసేస్తారు," అన్నాడు దర్జీ.

ఆమె తలెత్తకుండానే ఇంకో కాగితం అడిగింది.