శిక్షకు తగ్గ నేరం

ఆరేళ్ల జైలుశిక్ష పూర్తిచేసుకున్న గవర్రాజుకి, శిక్షకు తగ్గ నేరం నలభై రోజుల్లోగా చేసి రావాలని నోటీసు అందింది.

అది ఇత్తడి గుండిగ దొంగతనం కేసు. విచారణ ముగిసేసరికి గుండిగ పళ్లాలమ్మ వంటసామాన్ల అద్దె షాపులోనే, అటక మీద దొరికింది. అప్పటికే ఆరేళ్లూ గడిచిపోయాయి. నేరం లేకుండా శిక్ష వేయడం చట్టవిరుద్ధం కనక, జైలు ఆఫీసువాళ్లు శిక్షను ముందస్తుగా నమోదు చేసి, నేరాన్ని పెండింగులో పెట్టారు. ఇలాంటివి నెలకి ఎనభై దాకా వస్తుంటాయి. నేరం రుజువైతే విడుదల కాగితం ఇస్తారు. అందాకా పగలు బయట తిరగొచ్చు, పడక మాత్రం జైల్లోనే. గవర్రాజుకి ఇంట్లో పడుకోవాలని ఉంది.

ముప్పై తొమ్మిది రోజులు అతనికి చెయ్యాడలేదు. నలభయ్యో రోజు పొద్దున భార్య వీరవేణిని వెంటబెట్టుకుని షాపుకి వెళ్లాడు. నోటీసు కాపీ పళ్లాలమ్మకీ అందింది. ఆవిడ గుండిగ తోమించి గుమ్మంలో పెట్టించింది.

"తీసుకెళ్లమంటారాండి?"

"అడక్కు బాబూ. అడిగితే అద్దెకిచ్చినట్టవుద్ది. నేనటు తిరుగుతాను, నువ్వు కానియ్."

ఆవిడ గోడవైపు తిరిగింది. వీరవేణి తువ్వాలు చుట్టకుదురు చేసి మొగుడి నెత్తిన పెట్టింది. గుండిగ ఓ పట్టాన లేవలేదు. అతని మూలుగు విని పళ్లాలమ్మ ఓ చెయ్యి వేయబోయింది గానీ, వేస్తే తానూ ముద్దాయేనని గుర్తొచ్చి వెనక్కి తగ్గింది.

ఆఫీసులో సూపరింటెండెంటు కమలాకరం గుండిగను టేపుతో కొలిచి, ఛార్జిషీటుతో సరిచూసి సంతకం పెట్టాడు. చివరి గడి దగ్గర కలం ఆగింది. శిక్ష ఎందుకో రాసే గడి అది. అందులో ముందే 'మార్పు కోసం' అని ఉంది.

"ఆరేళ్లు లోపలుండొచ్చి కూడా దొంగతనం చేశావు. మారలేదన్నమాట."

"మీరే కదండీ చెయ్యమన్నారు."

"చెయ్యకపోతే నిన్ను ఊరికే లోపలేశామని మా మీదకొచ్చేది గదయ్యా."

కమలాకరం చెడ్డవాడు కాదు. ఆ గడిని 'భయం కోసం' అని దిద్దుదామా అని పైకే అనుకున్నాడు. భయపడ్డవాడైతే గుండిగ తెచ్చేవాడే కాదు. నిట్టూర్చి, మరో ఆరేళ్లు రాశాడు.

ఈ ఆరేళ్లకీ ఇదే దొంగతనం సరిపోతుందా అని అడిగాడు గవర్రాజు. సరిపోదన్నాడు కమలాకరం. ఇది పాత శిక్ష కింద జమైపోయింది. కొత్తదాని నోటీసు బయటికొచ్చాక అందుతుంది.

వీరవేణి చుట్టకుదురు తన నెత్తిన పెట్టుకుంది. ఇద్దరు జవాన్లు గుండిగ ఎత్తి పెట్టారు.

"జాగ్రత్తే," అన్నాడు గవర్రాజు. "దాన్ని అమ్మెయ్యొద్దని పళ్లాలమ్మ గారితో చెప్పు."