కోటు తొడుక్కున్న ఆవిడ

ఆ ఉదయం ఆ ఇంట్లో ముగ్గురికీ మూడు పనులున్నాయి. కోడలు బజారుకు వెళ్ళి మధ్యాహ్నంలోగా తిరిగి రావాలి. కొడుకు ఆఫీసుకు బయలుదేరేలోగా ఒక బొమ్మను కుట్టుగదిలో నిలబెట్టాలి. అత్తగారు ఒక తప్పు ఒప్పుకోవాలి. మొదటి రెండు పనులూ ఎనిమిదిన్నరకల్లా మొదలయ్యాయి. మూడోది నిన్న సాయంత్రం నుంచీ గొంతులోనే ఉంది.

తప్పు చిన్నదేమీ కాదు. కోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మూడు వారాలు కూర్చుని బూడిదరంగు ఉన్నికోటు ఒకటి కుట్టింది. ఈరోజు నాలుగింటికి బట్టల షాపు యజమానురాలు వచ్చి దాన్ని చూస్తుంది. నచ్చితే ఇక చలికాలం కోట్లన్నీ కోడలి చేతే కుట్టిస్తుంది. నిన్న కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు, వీపు దగ్గర ముడతలున్నాయని అత్తగారు సాయం చేయబోయి ఇస్త్రీపెట్టె అందుకున్నారు. అంతలో పాలు పొంగాయి. పాలు దించి వచ్చేసరికి కోటు వీపు నడిమధ్య ఇస్త్రీపెట్టె మొన నల్లగా ముద్ర వేసుకుని కూర్చుంది. ఆవిడ కోటును వీపు గోడవైపు ఉండేలా తగిలించి, వెళ్ళి పడుకున్నారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ అంటారు గానీ, ఈ కుండ అలాంటిది కాదని ఆవిడకు బాగా తెలుసు.

ఇక కొడుకు సంగతి. ఇంట్లో ఏ వస్తువు పాడైనా బయటి మనిషిని పిలవనివ్వడు కనుక వీధిలో వాళ్ళు అతనికి సొంతవైద్యం అని పేరు పెట్టారు. అతని వైద్యం తర్వాత బతికిన వస్తువులు తక్కువే, కానీ చనిపోయినవి వేరే రూపాల్లో తిరుగుతూ ఉంటాయి. ఈసారి పాత స్టాండు ఫ్యాను వంతు వచ్చింది. రెక్కలు తీసేసి, స్తంభం చుట్టూ దూదీ పాతబట్టలూ చుట్టి, భార్య కొలతల పుస్తకం చూసి, అంగుళం తేడా లేకుండా ఆవిడ ఒడ్డూ పొడుగూ తయారుచేశాడు. చేతుల్లో వార్తాపత్రికలు కూరాడు. ఫ్యాను తల తిరిగే చోట దిండు ఒకటి గుండ్రంగా కట్టి, కళ్ళూ ముక్కూ తర్వాత చూద్దామనుకున్నాడు. "కాలరు సరిగ్గా ఉందో లేదో నా మెడ నేనే తిప్పి చూసుకోలేను కదండీ" అని భార్య ఒకసారి అన్నమాట పట్టుకుని, స్విచ్ వేస్తే తల మాత్రం నెమ్మదిగా ఇటూ అటూ తిరిగేలా ఫ్యాను తిరుగుడును అలాగే ఉంచాడు. రెండువారాలు అటక మీద రహస్యంగా చేసిన పని. భార్య సాయంత్రం చూసి ఆశ్చర్యపోవాలి.

కుట్టుగది అంటే వంటింటి పక్కన సామాన్లు పెట్టుకునే ఇరుకు గది. కిటికీ లేదు. ఉన్న ఒక్క బల్బునూ సొంతవైద్యమే బాగుచేశాడు కనుక అది మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. కోడలు బజారుకు వెళ్ళగానే అతను బొమ్మను మిషను ముందు, గుమ్మానికి వీపు పెట్టి నిలబెట్టాడు. కోటు తొడిగాడు. తల మీదికి భార్య శాలువా కప్పాడు. స్విచ్ వేశాడు. తల ఒక్కసారి తిరిగిందో లేదో, కరెంటు పోయింది. తొడిగే తొందరలో కోటు వీపూ చూడలేదు, ఆ చీకట్లో స్విచ్ సంగతీ గుర్తులేదు. తడుముకుంటూ బయటికి వచ్చి ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

పదిగంటలకు ఆకాశం మబ్బుపట్టి ఇల్లంతా సాయంత్రంలా అయిపోయింది. కరెంటు వచ్చింది. కుట్టుగదిలోంచి కిర్రు, కిర్రుమని సన్నని చప్పుడు మొదలైంది. అత్తగారు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. మిణుకుమంటున్న బల్బు కింద కోడలు అటు తిరిగి నిలబడి ఉంది. కోటు తొడుక్కుని ఉంది. వీపు మీద నల్లటి మచ్చ సూటిగా ఆవిడనే చూస్తోంది.

"ఎప్పుడొచ్చావమ్మాయ్? చప్పుడే కాలేదు."

తల నెమ్మదిగా కుడివైపు తిరిగింది. కాసేపు ఆగి, అంతే నెమ్మదిగా ఎడమవైపు తిరిగింది.

"చూశావన్నమాట. నేనే చేశాను. కావాలని కాదు. ఈసారికి మర్చిపో."

తల అడ్డంగా ఊగింది. ఏడేళ్ళలో ఈ పిల్ల ఎదురు చెప్పింది లేదు. ఇంత నిదానంగా, ఇంత నిబ్బరంగా కాదనడం ఆవిడ ఎవరిలోనూ చూడలేదు.

"నీ పెద్దకత్తెర పోయిందన్నావు చూడు. అది పోలేదు. దాంతో నేను గులాబీ కొమ్మలు కత్తిరించాను. విరిగింది. గులాబీ కూడా బతకలేదు. పోనీ, అదీ చెప్పేశాను. ఇప్పుడైనా ఇటు తిరుగు."

తల అడ్డంగా ఊగింది.

"మిషను చప్పుడుకి తలనొప్పి వస్తుందని మీ ఆయనతో చెప్పాను. అబద్ధం. ఆ చప్పుడు వింటేనే నాకు మధ్యాహ్నం నిద్ర పడుతుంది."

కిర్రు, కిర్రు. ఎన్ని చెప్పినా ఒకటే లెక్క. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుందని ఆవిడకే అనిపించింది. చివరికి నడుముకు దోపుకున్న తాళంచెవి బయటికి తీశారు. అది వీధివైపు గదిది, మామగారిది. పెద్ద కిటికీ, బోలెడంత వెలుతురు. మిషను అక్కడ పెట్టుకుంటానని కోడలు నాలుగేళ్ళ కిందట ఒక్కసారి అడిగింది. ఈవిడ వద్దన్నారు. కోడలు మళ్ళీ అడగలేదు.

"ఆయన లేని గది తెరిచి చూడలేకపోయాను" అన్నారు ఆవిడ. "అందుకే తాళం వేశాను, నీ మీద కోపంతో కాదు. తీసుకో. ఇకనుంచి ఆ గది నీది. ఇప్పుడన్నా సరేనను."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. తల నిలిచిపోయింది.

మౌనం అర్ధాంగీకారం అన్నారు. ఆవిడ చీకట్లోనే తాళంచెవిని కోటు జేబులో వేసి, ఆ చేతిని ఒకసారి నిమిరారు. చెయ్యి గలగలమంది. ఎండిపోయిందమ్మా పిల్ల, అనుకుంటూ హాల్లోకి వచ్చి కొడుక్కి ఫోను చేశారు.

"నాయనా, నీ పెళ్ళాం ఒప్పుకుంది."

"ఏం ఒప్పుకుంది?"

"అన్నీ. గదిలో నిలబడి చాలాసేపు తల అడ్డంగా ఊపింది. చివరికి మానేసింది."

"అమ్మా, తను వానకి తడిసి మా ఆఫీసుకొచ్చింది. నా ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది."

కొడుక్కి అప్పుడు స్విచ్ గుర్తొచ్చింది. కానీ ఎదురుగా భార్య చెవులు రిక్కించి వింటోంది, రెండువారాల రహస్యం బయటపడిపోతుంది. గోడవైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నువ్వు కంగారుపడకు. అక్కడున్నది మనిషి కాదు."

మిగతాది చెప్పేలోగా ఫోను ఆగిపోయింది. దాని బ్యాటరీ అతను స్వయంగా మార్చిందే.

హాల్లో లైటు వెలిగింది. కుట్టుగదిలోంచి కిర్రు, కిర్రు.

అత్తగారు చెప్పులు కూడా లేకుండా మెట్లెక్కి, పై వాటాలో ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టారిని పట్టుకొచ్చారు. ఆయన చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"ఎవరమ్మా నువ్వు? ఈ ఇంటి కోడలివేనా?"

తల అడ్డంగా ఊగింది.

"కాదంటోందండీ" అని ఆయన వెనక్కి చెప్పారు. "దొంగవా? అదీ కాదంటోంది. పోనీ, పోయినవాళ్ళలో ఎవరివైనా అయ్యుంటావా?" కాస్త ఆగారు. "దానికీ కాదంటోంది."

"ఇంకేం మిగిలిందండీ?" అన్నారు అత్తగారు.

మాస్టారు గోడకు ఆనుకుని అడుగులో అడుగు వేసుకుంటూ ముందువైపు వెళ్ళారు. గుండీల డబ్బా కిందపడిన చప్పుడైంది. బయటికి వచ్చినప్పుడు ఆయన చేతిలో కర్ర లేదు.

"ముఖం లేదమ్మా" అన్నారు, చాలా మెల్లగా. తలుపు లాగి గొళ్ళెం పెట్టారు.

అరగంటకు కొడుకూ కోడలూ తడుస్తూ వచ్చేసరికి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కోడల్ని చూడగానే అత్తగారు లేచి, రెండు చేతులతో ఆమె నుదురూ ముక్కూ చెంపలూ తడిమి చూశారు. అన్నీ ఉన్నాయి. అప్పుడు ఏడ్చారు.

"కాలరు కోసమమ్మా" అంటూ సొంతవైద్యం తలుపు తీసి, స్విచ్ ఆపి, విషయం చెప్పాడు. మాస్టారు తన కర్ర తీసుకుని, ఫ్యాను అని ముందే తెలుసన్నట్టు తలూపి పైకి వెళ్ళిపోయారు.

కోడలు కోటు వీపు చూసి ఉలికిపడలేదు. సంచిలోంచి ముదురు ఉన్నిపట్టీ ఒకటి తీసి మచ్చ మీద అడ్డంగా పెట్టి చూసింది.

"పొద్దున్నే చూశానత్తయ్యా. దీనికోసమే బజారుకెళ్ళాను. మీరు చెప్తారేమోనని ఎదురుచూశాను."

"చెప్పానుగా."

"నాతో కాదు."

అత్తగారు ఈసారి అసలు మనిషి ముఖం చూస్తూ, మచ్చ నుంచి తాళంచెవి దాకా మొత్తం మళ్ళీ చెప్పారు. మొదటిసారికన్నా కష్టంగానే ఉంది. కోడలు చివరిదాకా విని, జేబులోని తాళంచెవి తీసి ఆవిడ ముందు పెట్టింది. "తెలియక ఇచ్చారు. తీసేసుకోండి."

అత్తగారు దాన్ని ముట్టుకోలేదు. "మాటిచ్చాక వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. గది ఈ కోటు తొడుక్కున్న ఆవిడకిచ్చాను. నువ్వు ఆవిడతో పాటు ఉండు."

నాలుగింటికి వచ్చిన యజమానురాలు బొమ్మ తల తిరుగుతుంటే కాలరు నిలిచే తీరు రెండుసార్లు చూసి, వీపు మీద పట్టీ అన్ని కోట్లకూ ఉండాలని చెప్పి వెళ్ళింది. మర్నాడు వీధిగది తెరుచుకుంది. మామగారి కుర్చీని కోడలు కదల్చలేదు. ఇప్పుడు మధ్యాహ్నాలు అత్తగారు అందులో కూర్చుని, మిషను చప్పుడు మధ్య, బొమ్మతో కబుర్లు చెబుతారు. ప్లగ్గు పీకేస్తానని కొడుకు అంటే ఒప్పుకోలేదు. "ఈ ఇంట్లో నన్ను కాదనేది ఇదొక్కతే. ఉండనీ" అన్నారు. కరెంటు లేనప్పుడు కూడా అది ఒకసారి తల ఊపిందని చెబితే, కొడుకు వచ్చి చూసి గాలికన్నాడు. ఆరోజు కిటికీ మూసే ఉంది.

వచ్చే ఆదివారం దానికి ముఖం పెట్టాలని సొంతవైద్యం నిశ్చయించాడు. అది ఎవరి ముఖమై ఉండాలన్న దగ్గర పట్టుదలకు పోయి అత్తాకోడళ్ళు ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు.