నాలుగు రోజుల కొండ

నెమలిదుర్గం కొండ ఎక్కే మనిషిని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది కాబట్టి, అక్కడికి వెళ్ళదలచిన వారందరూ ముందుగా తమ కొండను కొలిపించుకుని రావాలని దుర్గం కార్యాలయం వారు నిబంధన పెట్టారు. కొలత ఉచితం. బస్టాండు పక్కన రేకుల షెడ్డులో ఒక ఇత్తడి గొట్టం ఉంటుంది. వచ్చినవారు ఇటునుంచి గొట్టంలోకి చూస్తారు. గుమాస్తా అటునుంచి వాళ్ళ కంట్లోకి చూసి కొండ ఎంతో చెబుతుంది. ఎత్తు అడుగుల్లో చెప్పరు, ఎక్కడానికి పట్టే కాలాన్ని బట్టి చెబుతారు. కొత్తగా పెళ్ళయినవారిది పావుగంట కొండ. కోరుకున్న ఊరికి బదిలీ దొరికినవారిది అరగంట కొండ. మంత్రిగారు వచ్చినప్పుడు కొండే ఉండదు, కారు దిగితే కోట. ఎన్నికల ముందు మాత్రం నేల కొంచెం మిట్టగా తగిలిందని ఆయనే ఒకసారి ఒప్పుకున్నారు.

శేషారత్నం బాలికల ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతుంది. ఎనిమిదో తరగతికి నెమలిదుర్గం పాఠం ఏటా ఆమే చెప్పాలి. కొండమీద పూర్వం ఒక రాజు నగరాన్నే కట్టించాడు. బజార్లు, గుర్రపుశాలలు, ధాన్యపు కొట్లు, అన్నిటికీ పైన రాణి కూర్చునే రాతి కిటికీ. ఇళ్ళు విడిచి ఏళ్ళ తరబడి తిరిగే శత్రు సైనికులకు ఆ కొండ ఎక్కేకొద్దీ పెరిగేది. అందువల్ల కోట మూడు తరాలు నిలిచింది. చివరికి దాన్ని పట్టుకున్నది ఎవరి మీదా బెంగలేని సైన్యం. ఈ వాక్యం పరీక్షలో తప్పకుండా వస్తుంది కనుక పిల్లలు దాన్ని బట్టీపడతారు.

"చూడని కిటికీ గురించి ఎన్నేండ్లు చెప్తావే శేషా? వింటావుంటే నాకే సిగ్గయితాంది. పద, ఒకనాడు పొయ్యొద్దాం," అనేది ఖైరున్నీసా.

ఖైరున్నీసా లెక్కల టీచరు. స్టాఫ్‌రూములో శేషారత్నం పక్క కుర్చీ ఆమెది. మధ్యాహ్నం ఎవరి డబ్బా ఎవరు తింటున్నారో ఇద్దరికీ పట్టేది కాదు. నెమలిదుర్గం ప్రయాణం ప్రతి ఏడాదీ అనుకునేవారు. ఒక ఏడు జనాభా లెక్కలు వచ్చాయి. ఒక ఏడు ఎన్నికల డ్యూటీ పడింది. మరో ఏడు పేపర్లు దిద్దే చోటు మార్చారు. అప్పట్లో ఇద్దరిదీ గంట కొండే, ఎప్పుడైనా వెళ్ళొచ్చులే అనుకున్నారు. మొన్న వేసవి సెలవులకు ముందు ఖైరున్నీసా జ్వరమని రెండు రోజులు సెలవు పెట్టింది. ఆ సెలవు నుంచి తిరిగి రాలేదు.

బడులు తెరిచాక హెడ్మాస్టరు చెన్నకేశవులు, రెండో శనివారం స్టాఫంతా కలిసి నెమలిదుర్గం పోదామని ప్రకటించారు. వ్యాను మాట్లాడారు. పులిహోర ఎవరు, పెరుగన్నం ఎవరు అన్నది తేలింది. అందరూ షెడ్డుకు వెళ్ళి కొలిపించుకున్నారు. హెడ్మాస్టరుది గంటన్నర, ఉద్యోగ విరమణ దగ్గరపడుతోంది కనుక. పీఈటీ ఓబులేసుది ఇరవై నిమిషాలు. శేషారత్నం గొట్టానికి కన్ను పెట్టినప్పుడు గుమాస్తా లీలావతి గొట్టాన్ని కొంగుతో ఒకసారి తుడిచింది.

"రెప్పలు కొట్టి ఇంకోసారి చూడండి టీచర్."

శేషారత్నం చూసింది.

"నాలుగు రోజుల కొండ," అంది లీలావతి. ఆ మాటను ఆమె గట్టిగా అనలేదు. వెనక వరుసలో ఓబులేసు ఉన్నాడు.

ఇక్కడే చిక్కు వచ్చింది. దుర్గం గేటు పొద్దున తెరిచి సాయంత్రం ఐదింటికి వేస్తారు. రాత్రి కొండమీద ఉండనివ్వరు. పైగా గుంపుగా వెళ్తే, గుంపులో ఎవరి కొండ పెద్దదైతే అదే అందరికీ వర్తిస్తుంది.

"నిద్ర చేసేదానికి అనుమతి ఉండాది టీచర్, లేకుండా ఏం లేదు," అంది లీలావతి. "భర్త పోతే మూడు రాత్రులు, అమ్మానాయన్లకు రెండు, అక్కచెల్లెళ్ళకు ఒకటి. అత్తగారికి అరపూట. పోయినోళ్ళు మీకు ఏం కావాల?"

"పక్క కుర్చీ," అంది శేషారత్నం. తర్వాత సర్దుకుని, "స్నేహితురాలు" అంది.

"స్నేహితులకు లేదే!" లీలావతి నిజంగానే నొచ్చుకుంది. "పోనీ చెల్లెలని రాసేదా? పేరేమి?"

"ఖైరున్నీసా."

లీలావతి పెన్ను ఆపింది. "మీ పేరు పక్కన ఆ పేరు పెట్టి చెల్లెలంటే, పైనోళ్ళు నన్ను కూర్చోబెట్టి అడుగుతారు టీచర్. అయినా రాస్తాలెండి. ఏమయితే అదయితాది."

"వద్దమ్మా. చెల్లెలు కాదు," అంది శేషారత్నం. ఉన్నదానికి ఇంకో పేరు పెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

ప్రయాణం ఒక నెల వాయిదా వేశారు. అందరూ సరేనన్నారు. ఓబులేసు మాత్రం ఆమె మేలుకోరి కొన్ని చిట్కాలు చెప్పాడు. "కొలిపించుకునేదానికి ముందు వారం రోజులు సీరియళ్ళు చూడండి టీచర్. మా తమ్ముడు అదే చేసినాడు. రెండు రోజుల కొండ పూట కొండకు దిగిపాయ." శేషారత్నం ఒక వారం సీరియళ్ళు చూసింది. కొండ దిగలేదు. మరో నెల వాయిదా పడింది. ఈసారి పులిహోర వంతు వచ్చినవారు కొంచెం గట్టిగానే ఊపిరి వదిలారు. మూడోసారీ నాలుగు రోజులే వచ్చేసరికి హెడ్మాస్టరు ఆమెను గదిలోకి పిలిచి, టీ తెప్పించి, టీ చల్లారేదాకా కిటికీలోంచి బయటికి చూశారు.

"ఏమనుకోవద్దు టీచర్. అందరూ పిల్లలుగలోళ్ళు. నాలుగు రోజుల కొండ ఎట్ల ఎక్కుతారు?"

"మీరు వెళ్ళిరండి సార్."

"నిన్నిడిచిపెట్టి పోతే మాకేం బాగుంటాది? ఒక పని చేద్దాం. వ్యానులో కలిసే పోదాం. గేటు కాడ మాత్రం నువ్వు నీ పేరుతో వేరే పాసు తీసుకో. ఎక్కినంత ఎక్కు."

ఆయన మంచివాడు. ఆ ఏర్పాటుకు అందరూ సంతోషించారు. శేషారత్నం కూడా ఒప్పుకుంది. గేటు తీయగానే మొదలుపెట్టి ఆగకుండా నడిస్తే కిటికీ కనబడేంత దూరమైనా వెళ్ళగలనని ఆమె లెక్క వేసుకుంది. లెక్కలు ఎప్పుడూ ఖైరున్నీసా చేసేది.

ఆ శనివారం అందరూ ఒకే గేటులోంచి, ఒకే దారిన బయలుదేరారు. మొదటి మలుపు దగ్గర ఓబులేసు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. రెండో మలుపుకు ఎవరూ లేరు. కాసేపటికి ఫోను మోగింది.

"టీచర్, యాడున్నారు? మేము రాణి కిటికీ కాడ ఉండాం. గాలి ఎట్ల కొడతాందో! పులిహోరలో ఉప్పు మరిచినారు, అది తప్ప అంతా బాగుండాది."

ఫోను పెట్టేసినా వాళ్ళ నవ్వులు వినబడుతూనే ఉన్నాయి, పక్క గోడ అవతల ఉన్నట్టు. శేషారత్నం నడిచింది. దారి ఎక్కడా కష్టమైనది కాదు. మెట్లు మంచివి, నీడ ఉంది. అయిపోవడం లేదు, అంతే. అక్కడక్కడ రాళ్ళమీద మనుషులు కూర్చుని ఉన్నారు. ఎవరి కొండ వారిది కనుక ఒకరినొకరు ఏమీ అడగలేదు. ఒకామె మాత్రం జరిగి చోటిచ్చి, మంచినీళ్ళ సీసా అందించింది. "ఎన్నాళ్ళది?" అంది. "నాలుగు," అంది శేషారత్నం. "నాది తొమ్మిది. పద పద, నీది అయిపోతాది," అందామె.

నాలుగున్నరకు వెనకనుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకడి చేతిలో శిఖరం అని రాసిన బోర్డు ఉంది. రెండోవాడు ఒక కిటికీ చట్రం భుజాన మోసుకొస్తున్నాడు. రాయిలాగా రంగు వేసిన చెక్క. మొదటివాడు బోర్డును ఆమె పక్కన మట్టిలో పాతి, కాలితో తొక్కి గట్టి చేశాడు.

"మేడం, శుభాకాంక్షలు. శిఖరం చేరినారు."

"ఇంకా మొదటి రోజే కదా నాది," అంది శేషారత్నం.

"సాయంత్రానికి ఎవరు యాడుంటే అదే శిఖరం మేడం. ఆఫీసోళ్ళు అట్లే పెట్టినారు. లేకుంటే గేటెప్పుడు వేసేది?" అన్నాడు వాడు. రెండోవాడు చట్రాన్ని ఆమె ముఖం ఎదుట ఎత్తి పట్టుకున్నాడు. "తొందరగా చూడండి. ఇంకా పైన ఒక ముసలాయన ఉండాడు, ఆయనకూ చూపించాల."

శేషారత్నం కిటికీలోంచి చూసింది. మిగతా కొండ కనబడింది.

"ఇంకా పైకి ఉంది," అంది.

"ఉంటాది మేడం," అన్నాడు చట్రం పట్టుకున్నవాడు, దాన్ని దించకుండా. "మా అమ్మ పోయినప్పుడు నాకూ ఉన్నింది. నవ్వండి, మావాడు ఫోటో తీస్తాడు."

ఆమె నవ్వింది. దిగడానికి మాత్రం రెండు మలుపులే పట్టాయి. వ్యాను దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకున్నారు. పెరుగన్నం ఆమెకోసం విడిగా తీసి ఉంచారు.

సోమవారం ప్రార్థన సమయంలో ఆ ఫోటో పిల్లలకు చూపించారు. షెడ్డునుంచి కబురు కూడా వచ్చింది. శిఖరం చేరినవారికి ఇక కొండ ఉండదు కనుక, శేషారత్నం ఇకమీదట కొలతకు రానక్కర్లేదు. స్టాఫ్‌రూములో పక్క కుర్చీకి కొత్త లెక్కల టీచరు వచ్చింది. చిన్నపిల్ల, భయభక్తులుగా నమస్కారం పెట్టింది. ఎనిమిదో తరగతిలో, పైన ఎట్లుంటాది టీచర్ అని పిల్లలు అడిగారు.

"బాగుంటుంది. గాలి బాగా వస్తుంది," అని చెప్పింది శేషారత్నం.

ఆ రోజునుంచి ఆమె బడికి గంట ముందే ఇంట్లోంచి బయలుదేరుతోంది. వీధి అదే, దూరమూ అదే. దారిలో ఎవరైనా పలకరించి, ఏమి టీచర్ ఇంత పెందలాడే అని అడిగితే, కాసేపు నిలబడి ఊపిరి పీల్చుకుని, ఎండ పడకముందే వెళ్ళిపోతే మేలు కదా అంటుంది.