డేగలొస్తున్నాయి సార్!

ఆదివారం పొద్దున్నే సన్యాసిరాజు మేడ మీద నిలబడి ఆకాశాన్ని తనిఖీ చేశాడు. ఆకాశం శుభ్రంగా ఉంది. సముద్రం కూడా ఉంది గానీ, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందులోంచి చీర అంచంత మాత్రమే కనిపిస్తుంది. ఆ అంచునే అతడు ఆఫీసులో ‘సీ వ్యూ’ అని చెప్పుకుంటాడు. నేవీ వాళ్ళ విమాన విభాగం పుట్టినరోజని ఆ సాయంత్రం బీచిలో విమానాల విన్యాసాలున్నాయి. కొత్త మేనేజరు గుణశేఖర్ గారిని, వారి శ్రీమతి హేమశ్రీ గారిని చూడ్డానికి రమ్మని పిలిచాడు. విమానం చూపించి అభిమానం కొట్టేయాలని ప్లాను.

ఆ అభిమానం అతడికి అత్యవసరం. పోర్టులో సరుకు దింపించే వాళ్ళ కంపెనీకి ఎలమంచిలిలో ఓ మొక్కజొన్నల గోడౌను ఉంది. అక్కడ మనుషులు తక్కువ, పావురాలు ఎక్కువ. బస్తాల్లో తగ్గిన బరువంతా పావురాల్లో పెరుగుతోంది. ఇన్‌చార్జిగా అక్కడికి సన్యాసిరాజునో, పక్క సీటు అయూబ్‌నో పంపాలి. సోమవారం తేలిపోతుంది. వైజాగు వదిలి ఆ కువకువల మధ్య కూర్చోవడం తలుచుకుంటేనే సన్యాసిరాజుకు నెత్తిన రెట్ట పడినట్టుండేది.

విమానాల గురించి అతడికున్న జ్ఞానమంతా బీచిరోడ్డు మ్యూజియంలో ఓసారి టికెట్టు కొని తెచ్చుకున్నదే. అయినా నెల్లాళ్ళుగా నిపుణుడైపోయి, విమానాన్ని విమానమనడమే మానేశాడు. “నేవీ వోళ్ళ విమానాల స్థావరం పేరేటి? డేగ! అక్కడెగిరే జెట్టు పేరేటి? హాక్! హాకంటే మళ్ళీ డేగే! తెలిసినోళ్ళు డేగలనే అంటారు,” అని క్యాంటీన్లో చెప్పి, టీ చల్లారినా తను చల్లారేవాడు కాదు.

అంతటితో ఆగితే అతడు సన్యాసిరాజెందుకవుతాడు! మేడల మీద చేపలు, మాంసం పడేయొద్దనీ, పక్షులు మూగితే విమానాలకు ప్రమాదమనీ పేపర్లో పడిన విజ్ఞప్తిని కత్తిరించి వీధంతా తిరిగి చదివాడు. కాకికి నాలుగు మెతుకులేసిన ఎదురింటి దేవిని, “అది అన్నం కాదమ్మా, ఆయుధం!” అని కేకలేశాడు.

మెట్లు దిగుతూ యారాడలో ఉన్న అత్తగారు గంగాలమ్మకు ఫోను కొట్టాడు. ఆమె చేపలమ్ముతుంది. ఆఫీసులో మాత్రం ఆమెది ‘మెరైన్ ప్రొడక్ట్స్ బిజినెస్’.

“అత్తా! వంజరం తెచ్చి వేపుడు సెయ్యాల. సాయంత్రం మా మేనేజర్ గారు డేగల్ని సూడ్డానికి మన మేడ మీదకొత్తన్నారు.”

“డేగల్నా? ఎన్ని కావాల నాయినా?”

అత్తగారి అమాయకత్వానికి అల్లుడు నవ్వుకున్నాడు. “ఎన్నొత్తే అన్ని! ఆకాశం నిండిపోవాల. మా సార్ నెత్తి మీంచి ఎల్తే మరీ మంచిది.”

“ఒకేల రాకపోతేనో?”

“రాకపోతే నాను ఎలమంచిలి పోతాను! నీ కూతురూ పోతాది!”

గంగాలమ్మ ఫోను పెట్టేసి, కూలబడి, మళ్ళీ లేచింది. అల్లుడి ఉద్యోగం డేగల రెక్కల మీద ఉందని ఆమెకు అర్థమైంది. ఏ డేగా ఊరికే రాదన్నది ఆమెకు పుట్టినప్పట్నుంచీ తెలుసు.

మధ్యాహ్నం ఆటోలో దిగింది. ఓ బుట్టలో వంజరం, రెండు టబ్బుల్లో మూతలేసిన సరంజామా. వంజరం కూతురు జ్యోతిర్మయికిచ్చి, టబ్బులు తీసుకుని నేరుగా మేడెక్కి, నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళింది.

“పైనేటి సేత్తన్నావత్తా?” కిందనుంచి అరిచాడు అల్లుడు.

“నీ డేగల ఏర్పాటు నాను సూసుకున్నాన్లే నాయినా. నువ్వు పౌడర్రాసుకో!”

కుర్చీల సంగతి కాబోలనుకుని సన్యాసిరాజు పౌడరు రాసుకున్నాడు. కుర్చీలు మోసుకొచ్చింది మాత్రం అయూబ్. వైజాగు పాతబస్తీలో వాళ్ళ చిన్నాన్నకు షామియానా కొట్టుంది. పోటీదారుడితోనే కుర్చీలు మోయించి మేనేజరుకు చూపించడం కూడా సన్యాసిరాజు ప్లానులో భాగమే.

నాలుగింటికి గుణశేఖర్ దంపతులొచ్చారు. ఆయన తెల్లటోపీ పెట్టుకుని, నేవీని తానే నడుపుతున్నట్టు కూర్చున్నాడు. జ్యోతిర్మయి వంజరం వేపుడు అందించింది. హేమశ్రీ ముక్కు ఎగబీల్చింది. “ఏదో వాసనొస్తోందండీ.”

“సీ... సీ బ్రీజ్ మేడమ్,” అన్నాడు సన్యాసిరాజు.

“సీ బ్రీజ్ కాదు బావా, సీ ఫుడ్డు,” అని గొణిగాడు అయూబ్.

ఇంతలో ఎత్తున ఓ నల్లచుక్క కనబడింది. సన్యాసిరాజు లేచి చెయ్యి చాచాడు. “అదిగో సార్, మొదటి డేగ! హాక్! దూరం కదా, చిన్నగా కనబడుతోంది.”

“రెక్కలాడిత్తందేటి బావా?”

“అది వింగ్ సెల్యూట్! నీకు తెలీదు, కూర్చో.”

“మరి చప్పుడు లేదేం?” అన్నాడు గుణశేఖర్.

“చప్పుడు వెనకాల వస్తుంది సార్. ముందు డేగ, తర్వాత చప్పుడు.”

చప్పుడు వచ్చింది. కీ... అని. చుక్క రెండైంది, పదైంది, లెక్క తప్పింది. ముందుదానికి ముక్కు, కింద గోళ్ళు, కళ్ళల్లో ఆకలి స్పష్టంగా కనిపించాయి. అది జర్రున దిగి గుణశేఖర్ నోటికి అంగుళం దూరంలో ఉన్న వంజరం ముక్కను ఎత్తుకుపోయింది. రెండోది వచ్చేసరికి ముక్క లేదు గనక టోపీతో సరిపెట్టుకుంది.

“గద్దలు బావా!” అని అయూబ్ కుర్చీ నెత్తిన పెట్టుకున్నాడు.

“అన్నీ గద్దలు కావు!” ట్యాంకు వెనకనుంచి గంగాలమ్మ రెండు చేతులా చేపల తలకాయలు, పేగులు ఎగరేస్తూ బయటికొచ్చింది. “డేగలూ ఉన్నాయి నాయినా. అయినా ఆకలేత్తే అన్నీ డేగలే! సాలుతాయా, ఇంకో టబ్బు తియ్యమంటావా?”

బీచి మైకులో పక్షుల వల్ల ప్రదర్శన కాసేపు ఆగిందని చెప్పారు. ఇసుకలో ఉన్న జనమంతా సముద్రం వదిలేసి ఇటు తిరిగారు. ఎదురుమేడ మీద దేవి వేలు చాచి మరీ ఈ మేడను చూపించింది. డోర్నియర్ విమానం రావలసిన సమయానికి డోరు నియరు పోలీసొచ్చాడు.

“ఈ మేడెవరిది? ఈ సేపలేటి? ఈవిడెవరు?” అన్నాడు కానిస్టేబులు, రెట్ట పడిన భుజం తుడుచుకుంటూ.

సన్యాసిరాజు మేనేజరు వంక చూశాడు, అత్తగారి వంక చూశాడు, ఎలమంచిలి వంక కూడా చూశాడు. “ఎవరో తెలీదండీ. సేపలమ్ముకునే మనిషి. మేడెక్కేసింది.”

“తెలీదా?” వేపుడు పళ్ళెం ఠక్కున కింద పెట్టింది జ్యోతిర్మయి. “పెళ్ళయిన కాడ్నించి ఈవిడ సేపలు తినే గదా ఆ పొట్ట పెంచారు! కానిస్టేబుల్ గారూ, ఈవిడ మాయమ్మ. ఈయనెవరో నాకూ తెలీదు.”

 గంగాలమ్మ మిగిలిన తలకాయలు టబ్బుల్లోకి ఎత్తి, మూతలేసి, మేడ కడిగేసింది. అది చూసి కానిస్టేబులు కేసు మాట ఎత్తకుండా దిగిపోయాడు. విందు అయిపోయిన చుట్టాల్లా పక్షులు చెదిరిపోయాయి. తర్వాత అసలు విన్యాసాలు మొదలయ్యాయి. మిగ్‌లు ఆకాశాన్ని చించుకుంటూ పోయాయి. పెద్ద హెలికాప్టర్లు బరువుగా దడదడమంటూ వెళ్ళాయి.  విమానం చూపిస్తానని పిలిచిన మనిషికి ‘వి’ పోయి, ‘మానం’ ముందు ‘అవ’ వచ్చి చేరింది.

అప్పుడు హేమశ్రీ ఫోనులో తీసిన వీడియో చూసుకుంటూ కేరింత కొట్టింది. “అబ్బ! విమానాలు టీవీలోనూ చూస్తాం. అంత దగ్గరగా డేగలా! రమ్మంటే వచ్చాయి, పొమ్మంటే పోయాయి! అసలీ ఐడియా ఎవరిది?”

గంగాలమ్మ నోరు తెరవబోయింది. గాలి మారిందని సన్యాసిరాజుకు అందరికన్నా ముందు వాసనొచ్చింది. ఒక్క గెంతులో ముందుకొచ్చాడు.

“నాదే మేడమ్! పూర్తిగా నా ప్లానే. ఈవిడ మా అత్తగారు, గంగాలమ్మ గారు. నేను చెప్పినట్టు చేసిందంతే. డేగలంటే నాకు చిన్నప్పట్నుంచీ ప్రాణం సార్. ఎక్కడికి రమ్మంటే అక్కడికి రప్పిస్తాను!”

“ఎక్కడికైనా?” గుణశేఖర్ టోపీ లేని తల తడుముకుంటూ లేచాడు.

“ఎక్కడికైనా సార్!”

“ఈ మాట పొద్దున్నే చెప్పొద్దటయ్యా! అయూబ్‌ను పంపుదామని రాత్రే అనుకున్నాను. అతడు వెళ్తే పావురాల్ని లెక్కపెడతాడు. నువ్వయితే డేగల్ని దింపుతావు! వారంలో ఒక్క పావురం మిగలదు. రేపే ఆర్డరిస్తాను.” భుజం తట్టి, గంగాలమ్మకు నమస్కారం పెట్టాడు. “అమ్మా, మీరూ వెంట వెళ్ళాలి.”

“ఎల్తాను బాబూ,” అంది గంగాలమ్మ. “అల్లుడు ఎవరో తెలీదనుకో, డేగలు తెలుసు గదా.”

అయూబ్ కుర్చీలు మడిచి భుజానికెత్తుకున్నాడు. అంత హుషారుగా కుర్చీలు మోసిన మనిషిని ఆ వీధి అంతవరకూ చూడలేదు. “బావా, ఎలమంచిలిలో కుర్చీలు కావాలంటే మొహమాటపడకు.”

ఎలమంచిలి గోడౌను మీదుగా ఇప్పుడు అప్పుడప్పుడూ ఒక విమానం పోతుంటుంది. సన్యాసిరాజు దాన్ని విమానమనే అంటాడు.