అల్లుడుగారు వెలిగించిన నల్లతెర

పాఠక మహాశయులారా! మానవుడు ఇంతవరకూ సృష్టించిన వస్తువులన్నింటిలోనూ ఉత్తమోత్తమమైనది వెలగని కంప్యూటర్ తెర. తొందరపడి నవ్వకండి. ముందు వాదన వినండి.

వెలిగే తెర ఏం చేస్తుంది? పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్‌డేట్ చేసుకోమని ప్రాణం తీస్తుంది. మనం అడగని చీరలూ, అక్కర్లేని అప్పులూ, నడుంనొప్పి తైలాలూ కళ్ళముందు పరుస్తుంది. నల్లతెర ఏమీ అడగదు, ఏమీ అమ్మదు. దాని ఎదుట విండోసూ లినక్సూ సమానమే, పండితుడూ పామరుడూ సమానమే. ఇంతటి సమదృష్టి యోగులకైనా ఎన్ని జన్మలు తపస్సు చేస్తే అబ్బుతుంది!

వెలిగే తెరలో లోకం కనిపిస్తుంది. నల్లతెరలో మన మొహం కనిపిస్తుంది. రెండింటిలో ఏది అరుదైన దర్శనమో మీరే తేల్చుకోండి.

పైగా, వెలిగే తెర ముందు ఒక్కరే కూర్చుంటారు. నల్లబడ్డ తెర ముందు ఇంటిల్లిపాదీ చేరుతారు. కుటుంబ వ్యవస్థ కూలిపోతోందని కన్నీరు కార్చే సంస్కర్తలు ఉపన్యాసాలు మాని, ఇంటికో పాత కంప్యూటర్ పంచిపెట్టి, దానిమీద లినక్స్ ఎక్కించమని ఓ అల్లుణ్ణి పురమాయిస్తే చాలు. నమ్మకం కుదరకపోతే, నరసాపురంలో సత్యవాణిగారింట ఓ ఆదివారం నాడు జరిగిన మహత్తర ఘట్టాన్ని చిత్తగించండి.

సత్యవాణిగారు లేసు డిజైన్లు గీస్తారు. భర్త జోగేశ్వరరావుగారికి బజార్లో దారం కొట్టు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఆయన కొట్లో దారం తీసుకుని, ఆవిడ గళ్ళు గళ్ళుగా గీసిన బొమ్మ ముందు పెట్టుకుని, బల్లగుడ్డలూ దిండు గలీబులూ అల్లుతారు. నెమళ్ళు, ద్రాక్షగుత్తులు, కలువలు, హంసల బారులు, ఆవిడ సగం జీవితం ఒకే ఒక్క పాత కంప్యూటర్ పొట్టలో ఉంది. మరెక్కడా నకలు లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ ఆదివారం గుర్తుంచుకున్నది ఆవిడొక్కరే!

ఆ కంప్యూటర్‌కి వయసు మీదపడింది. పొద్దున్నే స్విచ్ వేసి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చినా ఇంకా ఒళ్ళు విరుచుకుంటూనే ఉంటుంది. కొత్త విండోసు అలాంటి ముసలి యంత్రాన్ని గడప తొక్కనివ్వదు. సరిగ్గా ఆ సమయానికి కూతురు అశ్విని, కొత్త అల్లుడు ఉదయ్‌కుమార్ భీమవరం నుంచి భోజనానికి వచ్చారు. ఆయన ఇంట్లో కూర్చునే బెంగుళూరు కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తారు. పనసపొట్టు కూర కలుపుకుంటూ అభయమిచ్చారు.

"పారేయడం ఎందుకండీ అత్తయ్యగారూ! విండోసు తీసేసి లినక్స్ వేస్తే రాకెట్‌లా పోతుంది. అరగంట పని."

సత్యవాణిగారి నాలుక చివరికి ఓ ప్రశ్న వచ్చింది: మరి నా డిజైన్లు? కానీ కొత్త అల్లుణ్ణి అలా అడగడమంటే, నీకు పని వచ్చా అని అడగడమే కదా! మా గోదావరి సీమలో కొత్త అల్లుణ్ణి అడగదగిన ప్రశ్న ఒకటే ఉంది: ఇంకో గారె వెయ్యమంటారా? ఆవిడ అదే అడిగి, అసలు ప్రశ్న మింగేశారు. పాత ఫైళ్ళకి నకలు ఉందా అని ఆయనా అడగలేదు. అడగడం తెలియనివాడి లక్షణం కదా!

భోజనం కాగానే అల్లుడుగారు కంప్యూటర్ పెట్టెను ముందుకు లాగి, తీగలన్నీ పీకి, దుమ్ము ఊది, మళ్ళీ పెట్టారు. ఇక్కడే ఉంది కిటుకు. పెట్టె వెనక తెర తీగకి రెండు కన్నాలున్నాయి. రెండూ ఒకే పోలిక. పైది యంత్రంతోపాటు పుట్టింది. కిందది, బొమ్మలు బాగా కనబడాలని సత్యవాణిగారు విడిగా వేయించుకున్న కార్డుది. ఆ కార్డు వేయించిన నాటినుంచీ తీగ కింది కన్నంలోనే ఉంది. అల్లుడుగారు పై కన్నంలో పెట్టారు.

స్విచ్ వేశారు. లోపల ఫ్యాను బుర్రుమంది. తెరమీద 'నో సిగ్నల్' అన్న మాట కాసేపు తచ్చాడింది. తర్వాత అమావాస్య!

అడగడానికి పరువు అడ్డు రావచ్చు, చూడటానికి ఏం అడ్డు? దసరాకి ఆయుధపూజ చేసి కుంకుమ బొట్టు పెట్టింది కింది కన్నానికే. బొట్టు ఇంకా ఎర్రగా, 'నేనిక్కడున్నాను మహాప్రభో' అంటూనే ఉంది. ఇంట్లో అందరికీ కనిపిస్తోంది. సత్యవాణిగారు తలుపు చాటున నిలబడి కూతురితో అన్నారు, అల్లుడికి వినపడేలా:

"అమ్మాయీ, దసరాకి బొట్టు పెట్టిన కన్నం ఖాళీగా ఉన్నట్టుందే. మీ ఆయన చూశారో లేదో."

"అత్తయ్యగారికి చెప్పు అశ్వినీ," అన్నారు అల్లుడుగారు, తల తిప్పకుండా. "మానిటర్ ఎప్పుడూ మదర్‌బోర్డుకే పెట్టాలి. అది స్టాండర్డు. ఇది తీగ గొడవ కాదు. కెర్నల్‌కీ డ్రైవర్‌కీ మధ్య మాటల్లేవు, అంతే."

"విన్నావా?" అన్నారు జోగేశ్వరరావుగారు భార్యతో, పరవశించిపోతూ. "మాటల్లేవట! స్టాండర్డంటే స్టాండర్డే మరి. దసరాకి మనమే తప్పు కన్నానికి బొట్టు పెట్టుంటాం."

చూశారా! కంటికెదురుగా ఉన్న తీగను అనుమానించడం కన్నా, చేసిన పూజను అనుమానించడం ఎంత సులువో!

అటుపైన విద్వత్సభ ఆరంభమైంది. అల్లుడుగారు ర్యామ్ పీకి తుడిచి పెట్టారు. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ అటు తీసి ఇటు గుచ్చారు. కీబోర్డుమీద పియానో వాయించారు. ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య అత్తగారు పూతరేకులు, కాజాలు, కాఫీ పంపిస్తూనే ఉన్నారు. సెల్‌ఫోన్లో ఏదో విశ్వపండిత వేదికలో సమస్యను విన్నవించుకుంటే, ఖండాంతరాలనుంచి అనుగ్రహాలు కురిశాయి. 'ముందు మాన్యువల్ చదువు' అన్నాడొకడు. 'నాకు బాగానే పనిచేస్తోంది' అన్నాడు ఇంకొకడు. 'ఇది ఇదివరకే అడిగిన ప్రశ్న' అని మూడోవాడు తలుపేశాడు. తీగ ఎక్కడ పెట్టావు నాయనా అని ఒక్కడూ అడగలేదు. అంత చిన్న ప్రశ్న అడిగితే పాండిత్యానికి మచ్చ రాదూ!

"ఏవండీ, ఒక్కసారి ఆ వైరు కిందికి మార్చి..." అంది అశ్విని మెల్లగా.

"అశ్వినీ, ప్లీజ్!"

"అబ్బాయి చూస్తున్నాడు కదమ్మా," అన్నారు తండ్రి. అశ్విని నోరు మూసుకుంది. గదిలో ఇద్దరే ఉంటే ఆ పిల్ల నోటికి అడ్డూ ఆపూ ఉండదు. పుట్టింట్లో, అమ్మానాన్నల ఎదుట, మొగుడి తప్పు ఎత్తిచూపడం ఏ ఆడపిల్లకి సాధ్యం?

చివరికి అల్లుడుగారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "లినక్స్ లోపల లేచే ఉంటుందండి. మనకి కనపడటం లేదంతే. ఫోన్లో ఇన్‌స్టలేషన్ వీడియో పెట్టుకుని, అందులో అతను ఏ కీ నొక్కితే మనమూ అదే నొక్కుదాం. కనపడాల్సిన పనేముంది?"

"అదీ తెలివంటే!" అన్నారు మామగారు. "కళ్ళతో పనేముంది!"

ఫోన్లో వీడియో మొదలైంది. అందులో ఓ కుర్రగొంతు ఉత్సాహంగా చెప్పుకుపోతోంది. ట్యాబ్ అంటే ట్యాబ్, ఎంటర్ అంటే ఎంటర్. అల్లుడుగారి వేళ్ళు చీకట్లో పూజారి చేతుల్లా నిస్సందేహంగా కదులుతున్నాయి. అంతలో ఆ గొంతు అంది: "ఫ్రెండ్స్, ఇక్కడ ఎరేజ్ డిస్క్ సెలెక్ట్ చేసి ఎంటర్ కొడితే, మీ పాత డేటా మొత్తం పోతుంది!"

తలుపు చాటున సత్యవాణిగారి చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది.

"డేటా అంటే ఏంటే?"

"నీ డిజైన్లేనమ్మా," అంది అశ్విని.

"అయితే చెప్పవే ఆయనకి!"

"నువ్వు చెప్పమ్మా."

"అల్లుడుగారికి నేనెలా చెప్పనే?"

"నేను మాత్రం? రాత్రికి ఆ ఇంటికే కదా వెళ్ళాలి!"

"ఏంటా గుసగుసలు?" అన్నారు జోగేశ్వరరావుగారు. "ఆయన ఏకాగ్రత చెడగొట్టకండి."

అల్లుడుగారి చూపుడువేలు ఎంటర్ మీదికి లేచింది. సత్యవాణిగారు గ్లాసు కింద పెట్టి, గబగబా వసారాలోకి నడిచారు. టక్!

ఫ్యాన్లు ఆగాయి. ఫ్రిజ్ మూలుగు ఆగింది. పెట్టెలోని బుర్రు ఆగింది. అప్పుడావిడ గుమ్మంలోకొచ్చి, ఆ మధ్యాహ్నమంతటిలో మొదటిసారి అల్లుడితో నేరుగా మాట్లాడారు.

"కరెంటు పోయిందండీ అల్లుడుగారూ."

పక్కింటి టీవీలో సీరియల్ హోరెత్తుతోంది. అదే సమయానికి కొత్త డిజైను పట్టుకెళ్దామని లేసు అల్లే సూరమ్మ లోపలికొచ్చింది. "ఇదేంటండీ ఇలా చెమటలు కక్కుతున్నారు? వీధంతా కరెంటు ఉందిగా!"

"మన ఫేజొక్కటే పోయిందమ్మా," అన్నారు జోగేశ్వరరావుగారు. భార్య చెయ్యి స్విచ్ మీదనుంచి దిగడం ఆయన కళ్ళారా చూశారు.

సూరమ్మ సత్యవాణిగారి మొహం వంక చూసింది. "అవునండి, ఫేజులాగే ఉందండి," అంది.

అల్లుడుగారు కూర్చున్న చోటినుంచి చూస్తే వసారాలో మెయిన్ స్విచ్ పిడి కిందికి దిగి స్పష్టంగా కనిపిస్తోంది. ఆయన దాన్ని చూశారు. కాస్సేపు చూశారు. ఎంతైనా మర్యాదస్తుడు కదా! నుదురు తుడుచుకుని, "ఫేజేనండి," అన్నారు.

ఆ మీదట సాయంత్రం బస్సు వేళయ్యేదాకా, వీధంతా వెలుగుతుండగా, ఆ ఇంటివాళ్ళు మాత్రం చీకటి పడ్డ గదిలో విసనకర్రలతో విసురుకుంటూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఫ్రిజ్‌లో పాలు విరిగాయి. మర్యాద మాత్రం విరగలేదు!

కూతురూ అల్లుడూ బస్సెక్కగానే సత్యవాణిగారు స్విచ్ పైకెత్తి, తీగను బొట్టున్న కన్నంలోకి మార్చారు. తెర వెలిగింది. నెమళ్ళూ హంసలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆవిడ కుర్చీలో కూలబడి చాలాసేపు వాటివంకే చూస్తూ కూర్చున్నారు. తర్వాత కళ్ళు తుడుచుకుని అల్లుడికి ఫోన్ చేశారు.

"మీ చేతి చలవండీ. వెలిగిందండి."

"నేను చెప్పలేదూ అత్తయ్యగారూ! లోపల ప్రాసెస్ నడుస్తూ ఉంటుంది. కొన్నిటికి టైం పడుతుంది."

"అలాగేనండి."

ఇప్పుడు చెప్పండి, నల్లతెరను మించిన వరముందా? ఆ రోజు ఓ అల్లుడి ప్రజ్ఞ నిలబడింది, ఓ మామగారి గర్వం నిలబడింది, ఓ పిల్ల కాపురం నిలబడింది. కానీ మహాశయులారా, నల్లబడింది తెరొక్కటేనా? మన ఆఫీసుల్లో, సభల్లో, కమిటీల్లో, ఆసుపత్రుల్లో పెద్ద కుర్చీలో కూర్చున్న ప్రతి అల్లుడుగారి వెనకా ఒక తీగ తప్పు కన్నంలోనే ఉంది. అది చుట్టూ నిలబడ్డవాళ్ళందరికీ తెలుసు. మనం తప్పును సరిదిద్దం. తప్పు చేసినవారు ఊరెళ్ళేదాకా చీకట్లో కూర్చుంటాం. వెళ్ళాక దీపం వెలిగించి, అది వారి చలవే అంటాం. దానికి మనం పెట్టుకున్న పేరు సంస్కారం!

అల్లుడి కీర్తి వారం తిరక్కుండానే జిల్లా దాటింది. రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం చేసే ఇంటి కోడలైన సత్యవాణిగారి చెల్లెలు సత్యలక్ష్మి ఫోన్ చేసింది.

"అక్కా, చచ్చిన కంప్యూటర్‌ని మీ అల్లుడు బతికించాడటగా! బావగారు మా ఆయనతో చెప్పి ఒకటే పొంగిపోయారట. మా కొట్లోది కూడా మూలుగుతోంది. లెక్కలూ, ఫొటోలూ అన్నీ అందులోనే ఉన్నాయి. వచ్చే ఆదివారం పంపించక్కా."

నిజం సత్యవాణిగారి గొంతుదాకా వచ్చింది. దాని వెనకే కూతురి మొహమూ వచ్చింది.

"తప్పకుండా పంపిస్తానే," అన్నారు. "ఆ చెయ్యి పడితే తిరుగుండదు. ఆదివారం మీ వీధిలో కరెంటు కోత ఉందేమో కనుక్కో."

"లేదక్కా! ఈమధ్య మాకసలు పోవడమే లేదు."

"లేకపోతే, ఉండేలా చూసుకోవే."