అడుగంటని సీసా

సహస్రకిరణుడు నడినెత్తిన నిలిచి మేడకప్పులను పెనాలుగా కాల్చుచు, వీధికుక్కలను సైతము ఆగివున్న కార్ల కిందికి తరిమివేసిన ఒకానొక ఆదివార మధ్యాహ్నమున, మూడో అంతస్తులోని ఇరుకు వంటింట, నీలిజ్వాలల గ్యాసుపొయ్యి సాక్షిగా, నడుమున తువ్వాలు బిగించి, దక్షిణహస్తమున గరిటె ధరించి, భూగోళం మాస్టారు రణరంగమున అడుగుపెట్టెను. ఓపిక ఉన్నవారు వినుడు. లేనివారు కూడా కాసేపు కూర్చొనుడు, యుద్ధము చిన్నదే.

సప్తసముద్రముల లోతులు నాలుకపై నిలిపినవాడు, అగ్నిపర్వతముల పేర్లు నిద్రలోనైనా అప్పజెప్పగలవాడు, ఎడారుల ఎల్లలను సుద్దముక్కతో ఒక్క ఊపున గీయగలవాడు అయిన ఆ మహావీరునికి, తన ఇంట పంచదార డబ్బా ఏ అక్షాంశమున ఉన్నదో తెలియదు. తెలియవలసిన అవసరం మొన్నటి చలికాలం దాకా పడలేదు. చలికాలంలో ఆయన భార్య చనిపోయింది.

శత్రుసేన సింకు పక్కన సంచిలో విడిసియుండెను. నల్లద్రాక్ష! తొడిమలు వీడి, తొక్కలు చిట్లి, తమ రసమున తామే తేలుచు, పులిసిన వాసనను నలుదిక్కులకు దూతగా పంపుచున్న ఆ అతిపక్వ ఫలసమూహముపై చిన్న ఈగలు విజయపతాకలవలె ఎగురుచుండెను. మెత్తబడిన పళ్ళను మాస్టారి భార్య కోసం విడిగా తీసిపెట్టడం మలుపులోని దుకాణదారుడి అలవాటు. నిన్న అతడు “అమ్మగారికి ఇవ్వండి, పాకానికి పనికొస్తాయి” అని సంచి చాపితే, ఆవిడ లేదని చెప్పబోయి, “సరే” అని చెప్పి తెచ్చుకొనెను ఆ వాక్చతురుడు.

ఇక యుద్ధకారణము అలమర పైఅరలో ఉన్నది. వేసవిలో నీళ్ళలో కలుపుకుని తాగే ద్రాక్షపాకం నింపిన పొడవాటి గాజుసీసా. దాని విషయమున ఆ ఇల్లాలు వేసిన శాసనము ఒక్కటే: సీసా అడుగు కనపడకూడదు. పాత పాకం రెండు వేళ్ళ మందం ఉండగానే కొత్తది దానిమీద పోయాలి. మధ్యలో కడగడమనే మాటే లేదు. పెళ్ళైన ఏడు మొదలు ఆ సీసా ఒక్కసారైనా ఖాళీ కాలేదు. ఇప్పుడు మిగిలింది ఆ రెండు వేళ్ళే. ఇంత ఎండలోనూ తండ్రి దాన్ని ముట్టడు, కూతురూ ముట్టదు. అడుగున పంచదార గడ్డకట్టడం మాత్రం మొదలైంది. కొత్త పాకం కుదిరితే పాతది నిలుస్తుంది. చెడితే, దానితోపాటు ఆ రెండు వేళ్ళూ చెడతాయి.

“ఓ ద్రాక్షలారా!” అని, శత్రుసేనను గిన్నెకెత్తించి పొయ్యిపై నిలిపిన పిమ్మట, గరిటె ఎత్తి మేఘగంభీరస్వరమున పలికెను మాస్టారు. “మీరు వేలసంఖ్యలో ఉండవచ్చును, నేనొక్కడనే కావచ్చును. అయినను నేటి సూర్యాస్తమయములోగా మిమ్ములను...”

“ముందు మంట తగ్గించండి బావగారూ, పొంగుతోంది!”

గడపలో మరదలు. ఎదురువాటాలో బట్టలు కుట్టుకునే మనిషి, మెడలో టేపు అలాగే వేలాడేసుకుని వచ్చింది.

ఆమె నోట మాట ముగియకమునుపే ఊదారంగు నురుగు గిన్నె ప్రాకారమును దాటి, పొయ్యిని ముంచి, జ్వాలను హతమార్చి, గట్టు మీదుగా మాస్టారి కాళ్ళపై దండెత్తెను.

“అక్క ఇంతకన్నా పెద్ద గిన్నె వాడేది,” అంది మరదలు.

“ముందే చెప్పొచ్చుగా?”

“అడిగితేగా! ప్రపంచపటం మొత్తం తెలిసినవారికి గిన్నె ఎంతుండాలో నేనేం చెప్తాను?”

గిన్నె మారెను. జ్వాల పునర్జన్మమెత్తెను. ఉడికిన సేనను పల్చటి గుడ్డలో మూటగట్టి వీరుడు పిండగా, సగము గిన్నెలోనికి, సగము చొక్కాపైకి నెత్తురువలె స్రవించెను. చూచినవారెవరైనను ఆయనకే గాయమైనదని తలచెదరు.

“రసం ఎంతో పంచదార అంత,” అంది మరదలు. “నిమ్మకాయ పిండండి, లేకపోతే గడ్డకడుతుంది. తీగ సాగేదాకా కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆపారో, మాడుతుంది.”

నిమ్మకాయకై ఆయన ఫ్రిజ్జు ఖండమును అన్వేషించుచున్న స్వల్పకాలమున చెయ్యి ఆగెను. అడుగు మాడెను. ఎక్కువ కాదు, ముక్కుకి తెలిసేంత. ఆపైన కలిపి కలిపి, చిటికెడు పాకమును రెండు వేళ్ళ నడుమ పట్టి, చర్మము కాలుచున్నను వదలక లాగగా, సన్నని తీగ సాగెను. ఆ క్షణమున ఆ వీరవదనమున వెలిగిన గర్వము ఏ చక్రవర్తి ముఖముననూ వెలిగియుండదు. గర్వాంధుడై, పొగలు కక్కుచున్న గిన్నెను పట్టుకొని, చల్లటి గాజుసీసా మూతిలోనికి వంచబోయెను.

“నాన్నా, ఆగు!”

మందుల షాపులో డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన కూతురు, చెప్పులతోనే వంటింట్లోకి పరిగెత్తింది. “ఉడుకుది పోస్తే పగిలిపోదూ!”

ఎండకు వ్యాకోచించి చలికి సంకోచించి మహాశిలలు ఎట్లు బద్దలగునో ఏటేటా ఏడో తరగతికి పటములతో సహా బోధించు ఆ శిలాభేదరహస్యవేత్త, గిన్నె దించి, గోడకు ఆనుకొనెను. చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

పాకం చల్లారింది. తర్వాత కూతురు చెంచాతో రుచి చూసింది.

“మాడు వాసనొస్తోంది నాన్నా.”

“కొంచెమేగా?”

“అమ్మది ఇలా ఉండదు.” చెంచా కింద పెట్టింది. “దీన్ని వేరే సీసాలో పోద్దాం. అమ్మది అమ్మదిగానే ఉండనీ.”

జవాబుల గనియైన ఆ గురువర్యుడు సీసా వంకా గిన్నె వంకా మార్చి మార్చి చూచెను. వేరుగా ఉంచితే ఆ రెండు వేళ్ళూ రాయిలా గడ్డకడతాయని ఆయనకు తెలుసు. కలిపితే మాడు అంటుకుంటుందనీ తెలుసు.

మరదలు ఫక్కున నవ్వింది.

“మీ అమ్మ మొదటిసారి పట్టిన పాకం నువ్వు తాగలేదుగా పిల్లా? నేను తాగాను. బొగ్గు! మీ నాన్న గ్లాసుడూ తాగి, ‘బాగుంది’ అన్నారు.”

“బాగుందనే అన్నాను,” అన్నాడు మాస్టారు.

“కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ అన్నారు. పారబోయవే అక్కా అంటే విందా? పంతం కదా! ఈ సీసాలోనే పోసింది. మరుసటి ఏడు మంచిది పట్టి దానిమీదే పోసింది. ఆ తర్వాత కడిగిందా ఎప్పుడన్నా? ఆ మాడు ఇంకా ఇందులోనే ఉంది. ఇన్నేళ్ళూ మీరంతా చప్పరించింది దాన్నే.”

కూతురు సీసా అందుకుని వెలుగుకి ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గరాటు తెచ్చి సీసా మూతిలో పెట్టి, రెండు చేతులా పట్టుకుంది.

“కానివ్వు నాన్నా.”

అంతట భూగోళం మాస్టారు గిన్నెను ఎత్తెను. నూతనపాకము నల్లని ధారగా దిగి, పాత ఎరుపును తాకి, వాటి నడుమ ఒక గీత ఏర్పడి, సరిహద్దువలె కాసేపు నిలిచెను. సరిహద్దులు గీయుటయే వృత్తిగా గల ఆయన దానిని రెప్పవేయక చూచెను. మెల్లగా అది చెదిరింది. ఏది ఎవరిదో తెలియకుండా పోయింది.

మూత బిగించబోతే పట్టలేదు. జిగటకి జారిపోతోంది. తండ్రి సీసాను గుండెకి ఆనించి పట్టుకున్నాడు, కూతురు రెండు చేతులా మూత తిప్పింది, మరదలు “ఇటు కాదే, అటు” అంటూ సైన్యాధిపత్యము వహించింది.

జయము! జయము! అష్టదిక్కులు ఆలకించుగాక! ఏ రాజ్యమూ గెలువబడలేదు, ఏ శత్రురాజూ శరణు వేడలేదు, నేలంతా అంటుకుంటున్నది, చొక్కా ఇక పనికిరాదు. అయినను ఆ ఆదివారము పొద్దువాలకముందే, ముగ్గురి బలముతో, ఆ సీసా మూత బిగిసెను.