మున్సిపాలిటీ దాకా సాగిన నరం

ఆ గురువారం పొద్దున స్మరండ టీచరు కాఫీ కూడా తాగకుండా బడికి వచ్చేసింది. డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. జీవశాస్త్రం టీచరు పోస్టు ఉంచాలా, తీసేయాలా అన్నది ఆ రోజు రాబోయే ఇన్‌స్పెక్టరు దేస్పినా గారు పాఠం చూసి తేల్చాలి.

పాఠం నాడీకణం. బోర్డు మీద బొమ్మ గీస్తే పిల్లలు కునికిపాట్లు పడతారని, తరగతి మొత్తాన్ని వీధిలోకి తెచ్చి, బడి గేటు నుంచి మూలమీదున్న రొట్టెల కొట్టు దాకా చేతులు పట్టించి నిలబెట్టింది.

"మీరంతా కలిసి ఒక నరం. నేను మొదటి చెయ్యి నొక్కుతాను. నొక్కు అందగానే మీ పక్కవాళ్ళ చెయ్యి నొక్కండి. నరంలో కరెంటు అలాగే పోతుంది, ఒకచోట పుట్టింది పక్కచోటుని లేపుతుంది. లేపినచోటు కాసేపు అలిసిపోతుంది, అందుకే కరెంటు వెనక్కి రాదు. మాతేయ్, చివర నువ్వు మెదడువి. నొక్కు అందితే 'అబ్బా' అని అరవాలి. అప్పటిదాకా నోరు తెరిచావో, చూడు!"

ఇన్‌స్పెక్టరు బస్సు ఆలస్యమైంది. ఈలోగా కొట్లోంచి రొట్టెతో ఆరికా మామ్మ బయటికొచ్చింది.

"ఏరా మాతేయ్, ఏమిస్తున్నారు ఇక్కడ?"

మాతేయ్ పెదాలు బిగించి చూశాడు. రొట్టెకీ గుడ్లకీ గంటల తరబడి లైన్లలో నిలబడి బతికిన మామ్మ తరానికి, లైను చూసి నిలబడకుండా పోవడం చేతకాదు. కుర్రాడు చెప్పడం లేదంటే మంచి సరుకే అయ్యుంటుందనుకుని, అందరిలాగే చెయ్యి పట్టుకుని అతని వెనక నిలబడింది.

"ఏమిస్తున్నారు మామ్మా?" అడిగింది వెనకొచ్చినావిడ.

"గుడ్లనుకుంటానమ్మా."

లైను మూల తిరిగింది. మందుల షాపు దగ్గరికొచ్చేసరికి గుడ్లు కాస్తా కోళ్ళయ్యాయి. మున్సిపాలిటీ మెట్ల దగ్గరికి చేరేసరికి పింఛను పెంపు అయింది. చేతులు పట్టుకోనివాళ్ళకి ఇవ్వరట అని కూడా తేలింది.

మూల అవతల ఏం జరుగుతోందో స్మరండకు కనబడదు. పిల్లలకు కాళ్ళు పీకుతున్నాయని, ఒకసారి ప్రయత్నించి చూద్దామని మొదటి చెయ్యి నొక్కింది. నొక్కు పరుగెత్తింది. మాతేయ్ "అబ్బా!" అని అరిచి, ఆ సంబరంలో మామ్మ చెయ్యి కూడా నొక్కేశాడు. లైను కదులుతోందని సైగ కాబోలనుకుని మామ్మ వెనకావిడ చెయ్యి నొక్కింది. అలా నొక్కు మెట్ల దాకా పోయి, చివరనున్న గోధుమరంగు కోటావిడకు తగిలింది.

"అబ్బా!"

ఆవిడ అరుపు విని లైనంతా అరిచింది. పైన మేయరు కిటికీ తెరిచాడు. జనం చేతులు కలిపి, వీధి పొడుగునా, తన గుమ్మం దాకా! వసంతంలో ఎన్నికలు. బడి గదులు వేడెక్కించే బాయిలరు పాడైందని వచ్చిన అర్జీలన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, కోటు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తాడు.

"గొడవొద్దు! బడి బాయిలరే కదా? సోమవారానికి కొత్తది పెట్టిస్తా!"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా ఏదో ఇస్తున్నారు కాబట్టి చప్పట్లు కొట్టారు.

అరుపులు విని స్మరండ రొప్పుతూ వచ్చింది. వేళ్ళు రుద్దుకుంటున్న కోటావిడను చూసి అక్కడే ఆగిపోయింది.

"దేస్పినా గారా? మీరు... లైన్లో?"

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. "బస్సు దిగాను. లైను కనిపించింది. పింఛనన్నారు. మొదట్లో గుడ్లేనట." కోటు సర్దుకుంది. "పాఠం ఇదేనా?"

"ఇదేనండీ. తగలబడింది." స్మరండ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తగలబడలేదమ్మా. గుడ్లు బయల్దేరి పింఛనయ్యాయి. నొక్కు మాత్రం బయల్దేరింది బయల్దేరినట్టే నాదాకా వచ్చింది, కాస్తయినా తగ్గలేదు. నరం అంటే అదేగా? ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు." గొంతు తగ్గించింది. "మీ పోస్టు ఎక్కడికీ పోదు. నేను లైన్లో నిలబడ్డ సంగతి మాత్రం ఎవరితో అనకండి."

నాడీకణం ఎలా పనిచేస్తుందో ఇప్పుడు ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. మున్సిపాలిటీ ఎలా పనిచేస్తుందో మాత్రం ఇంకా ఎవరికీ అంతుబట్టలేదు.